కడుపుతో ఉన్నప్పుడు విదేశీ విహారం: బేబీమూన్ గమ్యం ఎంపికపై తరచుగా అడిగే ప్రశ్నలు

బిడ్డ పుట్టకముందు కొద్ది రోజులు విదేశంలో గడిపి రావాలనుకునే దంపతుల కోసం, ముఖ్యంగా హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి ఊళ్ళ నుంచి బయలుదేరేవారి కోసం ఈ ప్రశ్నలు, సమాధానాలు రాశాను. ఇవి మిమ్మల్ని చూస్తున్న డాక్టరు సలహాకు బదులు కావు. ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఏం అడగాలో తెలుసుకోవడానికి మాత్రం పనికొస్తాయి.

గమ్యాన్ని ఎంచుకునేటప్పుడు అన్నిటికన్నా ముందు ఏం చూడాలి?

చాలామంది మొదట ఫొటోలు చూస్తారు, ఆ తరువాత టికెట్ ధరలు చూస్తారు, అంతా ఖరారయ్యాక డాక్టరును అడుగుతారు. ఈ వరుసను తిరగేయాలన్నది నా గట్టి అభిప్రాయం. ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఇది: అర్ధరాత్రి దాటాక రక్తస్రావమో, నొప్పులో, ఉమ్మనీరు పోవడమో మొదలైతే, ఎంతసేపట్లో ఎలాంటి ఆసుపత్రికి చేరగలం?

ఎలాంటి ఆసుపత్రి అన్నది ఇక్కడ ముఖ్యం. రిసార్టులో ఉండే క్లినిక్ జ్వరానికి, విరేచనాలకు సరిపోతుంది కానీ ప్రసవ సంబంధమైన అత్యవసరానికి సరిపోదు. ఏ వేళలోనైనా సిజేరియన్ చేయగల థియేటరు, రక్తం నిల్వలు, నెలలు నిండని బిడ్డను కాపాడగల ఎన్‌ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ), ఈ మూడూ ఒకేచోట ఉండాలి. బేబీమూన్‌కు సాధారణంగా ఎంచుకునేది 20 నుంచి 27 వారాల మధ్య కాలం. సరిగ్గా ఈ వారాల చివరి భాగంలో పుట్టిన బిడ్డ బతకడం, ఆరోగ్యంగా ఎదగడం మంచి ఎన్‌ఐసీయూ మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ఆసుపత్రి పేరు తెలుసుకుని ఊరుకోకుండా, ఎన్ని వారాల బిడ్డను వారు చూడగలరో అడగాలి. పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లో చాలావాటికి విదేశీ రోగుల విభాగం ఉంటుంది. ఈమెయిల్ రాస్తే జవాబు ఇస్తారు. ఆ జవాబు రాకముందు హోటల్ గది బుక్ చేయకండి.

దీని తరువాతే విమాన ప్రయాణ సమయం, దోమల వల్ల వచ్చే జబ్బులు, నీరు, ఆహారం, వాతావరణం చూడాలి. ఈ వడపోతలో మిగిలిన ఊరు ఏదైనా అందంగానే ఉంటుంది. మీరు వెళ్ళేది విశ్రాంతి కోసం కనుక, చూడవలసిన స్థలాల జాబితా చిన్నదైతే నష్టం ఏమీ లేదు.

ఏ నెలలో వెళ్ళాలి?

14 నుంచి 28 వారాల మధ్య కాలం ప్రయాణానికి అనువైనదని వైద్యులు సాధారణంగా చెబుతారు. మొదటి మూడు నెలల వాంతులు, నీరసం అప్పటికి తగ్గుతాయి, గర్భస్రావం జరిగే అవకాశమూ బాగా తగ్గుతుంది. పొట్ట ఇంకా నడకకు అడ్డం వచ్చేంత పెరగదు.

ఇందులో కూడా 18 నుంచి 22 వారాల మధ్య చేసే టిఫా స్కాన్ పూర్తయ్యాక బయలుదేరడం మంచిది. బిడ్డ అవయవాల ఎదుగుదలతోపాటు మాయ ఎక్కడ అతుక్కుని ఉందో, గర్భాశయ ముఖద్వారం పొడవు ఎంత ఉందో ఆ స్కాన్‌లో తెలుస్తుంది. ప్రయాణం చేయవచ్చా లేదా అన్నది తేల్చడానికి డాక్టరుకు ఈ వివరాలే కావాలి. షుగర్ పరీక్ష 24 నుంచి 28 వారాల మధ్య ఉంటుంది కాబట్టి, దాన్ని ప్రయాణానికి ముందో తరువాతో ఎప్పుడు చేయించాలో ముందే నిర్ణయించుకోండి. ఏడో నెలలో సీమంతం పెట్టుకునే కుటుంబాలు దానికి రెండు మూడు వారాల ముందే తిరిగి వచ్చేలా చూసుకుంటే ఇంట్లో అందరికీ తేలికగా ఉంటుంది.

మన ఇళ్ళల్లో ఐదో నెల, ఆరో నెల అని లెక్క చెబుతాం. విమాన సంస్థలు, బీమా సంస్థలు మాత్రం చివరి నెలసరి మొదటి రోజు నుంచి వారాలు లెక్కిస్తాయి. టికెట్ తీసుకునేటప్పుడు తిరుగు ప్రయాణం రోజుకు ఎన్ని వారాలు నిండుతాయో రాసి పెట్టుకోండి.

విమాన సంస్థలు ఎన్ని వారాల వరకు అనుమతిస్తాయి?

సంస్థను బట్టి నిబంధన మారుతుంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 28 వారాల వరకు ధ్రువపత్రం అడగదు. 29 నుంచి 36 వారాల వరకు డాక్టరు ఇచ్చిన పత్రం కావాలి, కవలలైతే ఆ పరిమితి 32 వారాలే. ఎమిరేట్స్ కూడా 29 వారాలు దాటాక ధ్రువపత్రం అడుగుతుంది. ఇండిగో 32 వారాల వరకు అనుమతించి, ఆపైన 36 వారాల దాకా ధ్రువపత్రంతో తీసుకువెళుతుంది. నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక, టికెట్ కొనే రోజున ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోవాలి.

పరిమితి లోపే ఉన్నా, పొట్ట కొంచెం పెద్దగా కనిపిస్తే చెక్ ఇన్ కౌంటరు దగ్గర వారాలు అడగవచ్చు. ప్రసవ తేదీ, వారాలు, ఒకే బిడ్డా కవలలా అన్నది, ప్రయాణానికి అభ్యంతరం లేదన్న మాట, ఇవన్నీ ఉన్న ఉత్తరం డాక్టరు లెటర్‌హెడ్ మీద, ప్రయాణానికి కొద్ది రోజుల ముందు తేదీతో తీసుకుంటే కౌంటరు దగ్గర వాదన ఉండదు.

విమానంలో కూర్చోవడం వల్ల బిడ్డకు ఏమైనా అవుతుందా?

ఆరోగ్యంగా సాగుతున్న గర్భానికి విమాన ప్రయాణం వల్ల హాని లేదు. విమానం లోపలి గాలి పీడనం సుమారు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తైన కొండ మీద ఉన్నట్టుగా ఉంటుంది. తీవ్రమైన రక్తహీనత లేని తల్లి శరీరం దానికి సర్దుకుంటుంది. విమానాశ్రయంలోని తనిఖీ యంత్రాల గురించి కూడా భయం అక్కరలేదు.

అసలు జాగ్రత్త పడవలసింది కాళ్ళ రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టడం గురించి. గర్భం వల్ల రక్తం గడ్డకట్టే గుణం సహజంగానే పెరుగుతుంది, గంటల తరబడి కదలకుండా కూర్చోవడం దాన్ని మరింత పెంచుతుంది. నాలుగు గంటలకు మించిన ప్రయాణమైతే సరైన కొలత గల కంప్రెషన్ సాక్స్ (కాళ్ళను బిగించి పట్టే మేజోళ్ళు) వేసుకోవాలి. నడవడానికి వీలుగా నడవా పక్క సీటు తీసుకోవాలి, నీళ్ళు తరచుగా తాగుతూ గంటకోసారైనా లేచి తిరగాలి. సీటు బెల్టును పొట్ట మీదుగా కాకుండా పొట్ట కింద, తొడల పైభాగంలో కట్టుకోవాలి.

శ్రీలంక ఎలా ఉంటుంది?

హైదరాబాద్ నుంచి నేరుగా వెళితే కొలంబో సుమారు రెండు గంటల ప్రయాణం. గడియారంలో ముల్లు మార్చనక్కరలేదు. అన్నం, పప్పు, కూరలు ప్రతిచోటా దొరుకుతాయి. వాంతులు పూర్తిగా తగ్గని తల్లికి ఈ చివరిది చిన్న సౌకర్యం కాదు. 2016 సెప్టెంబరులో శ్రీలంకను మలేరియా రహిత దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. గర్భిణికి మలేరియా సోకితే తల్లికీ బిడ్డకూ ప్రమాదం కనుక ఇది పెద్ద ఊరట. అయితే డెంగీ మాత్రం అక్కడ బాగానే ఉంది, కొలంబో చుట్టుపక్కల మరీ ఎక్కువ.

ఊళ్ళు తగ్గించుకోవడమే అక్కడ చేయవలసిన పని. కొలంబో, కాండీ, నువర ఎలియ, ఎల్ల, గాలె అన్నీ వారం రోజుల్లో చుట్టి రావాలనుకుంటే సగం సెలవు కారులోనే గడిచిపోతుంది, కొండ మలుపుల్లో వాంతులు మళ్ళీ మొదలవుతాయి. సిగిరియ కొండకు దాదాపు 1,200 మెట్లు ఉన్నాయి కాబట్టి దాన్ని మరో ప్రయాణానికి వదిలేయండి. కొలంబో నుంచి ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా రెండు గంటల్లో చేరగల గాలె, లేదా ఇంకా దగ్గరలోని బెంతొట, ఈ రెండిట్లో ఒకటి చాలు. పెద్ద ఆసుపత్రులు కొలంబోలో ఉన్నాయన్న సంగతి మనసులో పెట్టుకుని దూరాలు లెక్కవేయాలి. మే నుంచి సెప్టెంబరు వరకు పశ్చిమ, దక్షిణ తీరాల్లో నైరుతి వర్షాలు పడతాయి, సముద్రం కూడా ఉధృతంగా ఉంటుంది.

మాల్దీవులకు వెళ్ళవచ్చా? ఎక్కువమంది అక్కడికే వెళుతున్నారు కదా?

వెళ్ళవచ్చు, కానీ దీవి ఎంపికలో చాలా జాగ్రత్త కావాలి. అక్కడి విహారంలో నాకు నచ్చేది ఏమిటంటే, తిరగడానికి ఏమీ లేకపోవడం. తినడం, నిద్రపోవడం, సముద్రాన్ని చూస్తూ కూర్చోవడం తప్ప వేరే పని ఉండదు, గర్భిణికి కావలసింది కూడా అదే. భారతీయులకు వీసా అక్కడ దిగాక ఉచితంగా ఇస్తారు. మలేరియా లేదు.

చిక్కు దూరంతోనే. పెద్ద ఆసుపత్రులు రాజధాని మాలె, దాని పక్కనే ఉన్న హుల్‌హుమాలె ప్రాంతాల్లోనే ఉన్నాయి. భారతదేశ సహాయంతో కట్టిన ఇందిరాగాంధీ స్మారక ఆసుపత్రి కూడా మాలెలోనే ఉంది. దూరపు అటాల్‌లలోని (దీవుల గుంపుల్లోని) రిసార్టులకు సీప్లేన్‌లో, అంటే నీటి మీద దిగే చిన్న విమానంలో వెళ్ళాలి, ఆ సీప్లేన్లు పగటి వెలుతురు ఉన్నంతవరకే ఎగురుతాయి. సాయంత్రం ఆరు దాటాక అత్యవసరం వస్తే పడవ తప్ప దారి లేదు, గాలివాన ఉంటే అదీ కష్టం. కనుక గర్భిణి ఉన్న జంట మాలెకు స్పీడ్‌బోటులో అరగంట లోపు చేరగల ఉత్తర మాలె అటాల్ దీవులకే పరిమితం కావాలని నా సలహా. ఆ అరగంటలోనూ అలలు ఎక్కువగా ఉంటే పడవ బాగా ఎగిరెగిరి పడుతుంది. పడవ వెనుక భాగంలో కుదుపు తక్కువ కాబట్టి అక్కడ కూర్చోండి, నెమ్మదిగా నడపమని ముందే చెప్పండి. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు సముద్రం కొంత శాంతంగా ఉంటుంది.

స్కూబా డైవింగ్ గర్భిణులు చేయకూడదు. పైకి తేలేటప్పుడు రక్తంలో ఏర్పడే గాలి బుడగల నుంచి బిడ్డకు రక్షణ ఉండదు. లోతు లేని చోట, లైఫ్ జాకెట్‌తో, అలలు లేని వేళ నీళ్ళలో తేలుతూ చేపలను చూడవచ్చు. వేడి నీటి టబ్బులు, ఆవిరి గదులు ఒంటి వేడిని పెంచుతాయి కాబట్టి వాటి జోలికి పోవద్దు.

దుబాయ్ మంచిదా, సింగపూర్ మంచిదా?

ఆసుపత్రుల విషయంలో రెండూ నిశ్చింత కలిగించే నగరాలే. ఎంపిక ఎక్కువగా నెలను బట్టి ఉంటుంది.

నవంబరు నుంచి మార్చి వరకు దుబాయ్ హాయిగా ఉంటుంది, హైదరాబాద్ నుంచి సుమారు నాలుగు గంటల ప్రయాణం. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటిపోతుంది, ఆ నెలల్లో వెళ్ళవలసిన అవసరం లేదు. ఇసుక దిబ్బల మీద జీపులో ఎగిరెగిరి పడే డెజర్ట్ సఫారీకి గర్భిణులను ఎక్కించుకోరు, ఎక్కించుకుంటామన్నా వెళ్ళకూడదు. కొన్ని నొప్పి మాత్రలు, దగ్గు మందుల మీద ఆ దేశంలో కఠినమైన ఆంక్షలు ఉన్నాయి. మీరు వాడే ప్రతి మందుకూ ప్రిస్క్రిప్షన్ వెంట ఉంచుకోండి.

సింగపూర్ భూమధ్యరేఖకు పక్కనే ఉండడం వల్ల ఏడాది పొడవునా ఉక్కపోత, వాన ఉంటాయి, అయితే ఎక్కడికైనా మెట్రోలోనో ట్యాక్సీలోనో వెళ్ళవచ్చు, కుళాయి నీళ్ళు నేరుగా తాగవచ్చు. స్త్రీలకు, పిల్లలకు ప్రత్యేకమైన కేకే ఆసుపత్రి అక్కడ ఉంది. కొన్ని సంవత్సరాల్లో ఆగస్టు నుంచి అక్టోబరు వరకు ఇండోనేషియా అడవుల పొగ అక్కడి దాకా వస్తుంది. రెండు నగరాల్లోనూ విదేశీయులకు వైద్యం చాలా ఖరీదైనది, బీమా గురించి కింద రాసినది తప్పక చదవండి.

గర్భిణుల్లో కొందరిని బంధువులు మరో మాట అడుగుతుంటారు: ఎలాగూ విదేశం వెళుతున్నారు కదా, అక్కడ స్కాన్ తీయించి ఆడో మగో తెలుసుకోకూడదా అని. 1994 నాటి చట్టం మన దేశంలో దీన్ని ఎందుకు నిషేధించిందో అందరికీ తెలుసు. కూతుళ్ళను కోల్పోయిన సమాజంలో పుట్టిన చట్టం అది. దాన్ని తప్పించుకోవడానికి విహారాన్ని వాడుకోకండి.

థాయ్‌లాండ్, బాలి?

బ్యాంకాక్‌లో ప్రపంచ స్థాయి ప్రైవేటు ఆసుపత్రులు ఉన్నాయి, ఫుకెట్‌లోనూ మంచివి ఉన్నాయి. చిన్న దీవులకు పడవ ప్రయాణాలు మానుకుని ఈ రెండిట్లో ఒకచోటే ఉంటే థాయ్‌లాండ్ బాగానే ఉంటుంది. ఉత్తరాన చియాంగ్ మాయ్‌కి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు వెళ్ళకండి, పొలాలు తగలబెట్టిన పొగ ఊరంతా కమ్ముకుంటుంది.

బాలి విషయంలో నాకు అంత ధైర్యం లేదు. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్ళేవారు చాలావరకు మధ్యలో విమానం మారవలసి వస్తుంది. రోడ్లు ఇరుకు, నీటి వల్ల వచ్చే విరేచనాలు సర్వసాధారణం. 2008 నుంచి ఆ దీవిలో రేబిస్ ఉంది, అక్కడి ఉబుద్ ఊళ్ళో కోతులు చేతిలోని సంచీ లాక్కోవడానికి మీద పడతాయి. వెళ్ళి క్షేమంగా వచ్చినవారు ఎందరో ఉన్నారు, అయినా ఇతర గమ్యాలు ఇన్ని ఉండగా ఈ ఒక్కసారికి దాన్ని పక్కన పెట్టడమే మంచిదనిపిస్తుంది.

చల్లని ప్రదేశాలు, మంచు కొండలు?

2,500 మీటర్ల కంటే ఎత్తుకు పోవద్దని గుర్తుంచుకుంటే చాలు. స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్, లూసెర్న్ సరస్సుల పక్కన ఎంతకాలమైనా ఉండవచ్చు కానీ 3,020 మీటర్ల టిట్లిస్, 3,454 మీటర్ల యుంగ్‌ఫ్రౌయోఖ్ వదిలేయాలి. భూటాన్‌లో పారో, థింఫూ ఊళ్ళు హద్దు లోపలే ఉన్నా, టైగర్స్ నెస్ట్ మఠం 3,000 మీటర్ల పైన ఉంది, పైగా నిటారు ఎక్కుడు.

ఆఫ్రికా సఫారీ?

వద్దు. మలేరియా ఒక కారణం. కెన్యా వంటి దేశాలకు వెళ్ళి తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో ఎల్లో ఫీవర్ టీకా పత్రం అడుగుతారు, అది బతికున్న వైరస్‌తో చేసిన టీకా కాబట్టి గర్భిణులకు సాధారణంగా వేయరు. మారిషస్‌కు ఈ ఇబ్బంది లేదు, కానీ మధ్యలో అలాంటి దేశంలో విమానం మారవలసి రాకుండా చూసుకోండి.

జికా వైరస్ గురించి ఎంత భయపడాలి?

భయం కంటే జాగ్రత్త అవసరం. 2015, 2016 సంవత్సరాల్లో బ్రెజిల్‌లో జికా సోకిన తల్లులకు తల చిన్నదిగా, మెదడు సరిగా ఎదగని బిడ్డలు పుట్టడంతో ప్రపంచమంతా దీని గురించి తెలిసింది. 2016లో సింగపూర్‌లో కూడా కేసులు వచ్చాయి. మన దేశంలోనే 2018లో రాజస్థాన్‌లో, 2021లో కేరళలో, 2024లో పుణెలో కనిపించింది. కనుక విదేశానికి మాత్రమే అంటగట్టదగ్గ జబ్బు కాదు. టీకా లేదు, సోకిన ప్రతి ఐదుగురిలో నలుగురికి లక్షణాలు కూడా ఉండవు. టికెట్ కొనే ముందు ఆ దేశంలో ప్రస్తుతం జికా వ్యాప్తి ఉందో లేదో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఇచ్చే సమాచారంలో చూడాలి. వ్యాప్తి ఉంటే గమ్యం మార్చుకోవాలి.

జికా, డెంగీ రెండిటినీ మోసే ఏడిస్ దోమ పగటిపూట కుడుతుంది. నిండు చేతుల బట్టలు, ఏసీ గది, డీట్ అనే రసాయనం ఉన్న, ఒంటికి రాసుకునే దోమల మందు వాడాలి. చెప్పినట్టుగా వాడితే డీట్ గర్భిణులకు సురక్షితమే. భర్త కూడా ఇవన్నీ పాటించాలి, ఎందుకంటే జికా లైంగికంగా సంక్రమిస్తుంది. వ్యాప్తి ఉన్న చోటికి భర్త ఒక్కడే ఆఫీసు పని మీద వెళ్ళి వచ్చినా, ప్రసవం అయ్యేవరకు కండోమ్ వాడాలి. ఈ మాట మన ఇళ్ళల్లో ఎవరూ చెప్పరు కాబట్టి ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను.

ఎవరు అసలు వెళ్ళకూడదు?

మాయ కిందికి ఉన్నవారు, రక్తస్రావం అవుతున్నవారు, గర్భాశయ ముఖద్వారానికి కుట్టు వేసినవారు, బీపీ అదుపులో లేనివారు, తీవ్రమైన రక్తహీనత ఉన్నవారు, ఇంతకుముందు నెలలు నిండకుండా ప్రసవించినవారు, కవలలను మోస్తూ ఏ చిన్న ఇబ్బంది ఉన్నవారైనా ఇంటికి దగ్గరలోనే విశ్రాంతి తీసుకోవాలి. ఐవీఎఫ్ ద్వారా గర్భం వచ్చిందన్న ఒక్క కారణంతో వద్దనరు, కానీ నిర్ణయం డాక్టరుదే. ఆర్‌హెచ్ నెగెటివ్ రక్తం ఉన్నవారు పడిపోయినా, రక్తస్రావం అయినా 72 గంటల లోపు యాంటీ డి ఇంజెక్షన్ వేయించుకోవాలి. కాబట్టి బ్లడ్ గ్రూప్ రిపోర్టు ఎప్పుడూ వెంట ఉండాలి.

కడుపుతో సముద్రం దాటకూడదని పెద్దలు అంటున్నారు. ఏం చెప్పాలి?

ఓడల్లో నెలల తరబడి, వైద్యం లేకుండా ప్రయాణించిన కాలంలో ఆ మాటలో ఎంతో అర్థం ఉంది. అత్తయ్యగారో అమ్మమ్మగారో కాదంటున్నది మీ మీది ప్రేమతోనే. వారితో వాదించే బదులు డాక్టరు దగ్గరికి ఒకసారి వెంట తీసుకువెళ్ళి, ఆసుపత్రి ఎంత దూరంలో ఉందో కూడా చెప్పండి. గ్రహణం రోజు ప్రయాణంలో పడకుండా తేదీలు చూసుకుంటే సగం అభ్యంతరం అక్కడే తీరిపోతుంది.

ప్రయాణ బీమా గర్భానికి వర్తిస్తుందా?

చాలా పాలసీలు గర్భం, ప్రసవం సంబంధమైన ఖర్చులను మినహాయిస్తాయి. కొన్ని మాత్రం ప్రాణాపాయం ఉన్న సమస్యలకు, అదీ కొన్ని వారాల వరకే చెల్లిస్తాయి. పుట్టిన బిడ్డకు ఎన్‌ఐసీయూలో అయ్యే ఖర్చు ఆ పాలసీలో ఉందా అన్నది వేరే ప్రశ్న, చాలావాటిలో ఉండదు. వారాలపాటు సాగే ఆ చికిత్స ఒక కుటుంబం దాచుకున్నదంతా తుడిచిపెట్టగలదు. ఏజెంటు నోటిమాట చాలదు. ఎన్ని వారాల వరకు, తల్లికి ఎంత, బిడ్డకు ఎంత, స్వదేశానికి తరలింపు ఉందా అని ఈమెయిల్‌లో అడిగి, రాతపూర్వక జవాబు దాచుకోండి.

అమెరికాలో ఉన్న తెలుగువారికి వేరే సలహా ఏమైనా ఉందా?

కరీబియన్ దీవులు, మెక్సికో తీరం అక్కడివారు ఎక్కువగా ఎంచుకుంటారు, వాటికి జికా సమాచారం చూడడం మరీ ముఖ్యం. హెచ్1బీ మీద ఉండి వీసా స్టాంపు గడువు తీరినవారు దేశం దాటితే, కడుపుతో ఉండగా కాన్సులేట్ అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడవలసిన పరిస్థితి రావచ్చు. వారికి హవాయి వంటి దేశంలోపలి గమ్యమే మేలు.

అనుకోకుండా అక్కడే ప్రసవం జరిగితే?

ముందు ఆసుపత్రి, తరువాత భారత రాయబార కార్యాలయం. స్థానిక జనన ధ్రువపత్రం తీసుకుని, ఏడాది లోపు భారత దౌత్య కార్యాలయంలో బిడ్డ జననాన్ని నమోదు చేయించాలి. బిడ్డ మన దేశానికి రావాలంటే పాస్‌పోర్టో అత్యవసర ప్రయాణ పత్రమో అక్కడే ఇస్తారు. దీనికి తల్లిదండ్రుల పాస్‌పోర్టులు, వివాహ ధ్రువపత్రం కావాలి. ఆలయంలో పెళ్ళి చేసుకుని రిజిస్టర్ చేయించుకోని జంటలు ప్రయాణానికి ముందే ఆ పని పూర్తి చేసుకోవాలి. టిఫా రిపోర్టు, రక్త పరీక్షలు, మందుల చీటీలు, డాక్టరు ఫోను నంబరు ఉన్న ఫైలు చేతి సంచీలో ఉండాలి, వాటి ఫొటోలు ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. మందులు కూడా చేతి సంచీలోనే, అనుకున్న రోజుల కంటే వారం ఎక్కువకు సరిపడా పెట్టుకోండి.